చెరువు మీద సముద్రపు పక్షి

కురబలకోట స్టేషనులో రైలు దిగినవారికి సముద్రం జ్ఞాపకం రావలసిన కారణం ఏదీ కనిపించదు. చుట్టూ గుండ్రాళ్ల గుట్టలు, వేరుసెనగ చేలు, టమాటా తోటలు, అక్కడక్కడ చింతచెట్లు. పడమటివైపు హార్సిలీ కొండల నీలిగోడ. తూర్పున బంగాళాఖాతం సూటిగా కొలిచినా రమారమి 180 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. అయినప్పటికీ వానలు బాగా కురిసి చెరువులు నిండిన సంవత్సరాలలో, కార్తికమాసం దాటిన తరువాత ఉదయంపూట కట్ట మీద నిలబడి చూస్తే ఒక వింత కనబడుతుంది. సన్నని పొడుగాటి రెక్కలు గల తెల్లని పక్షులు కొన్ని నీటిమీద అటునుంచి ఇటు, ఇటునుంచి అటు ఎగురుతూ, ఉన్నట్టుండి వంగి నీటిని ముక్కుతో తాకి, మళ్లీ పైకి లేస్తూ ఉంటవి. ఇవి కాళ్లు ముడుచుకొని గట్టున నిలబడే పక్షులు కావు. నీటిలో ఈదే పక్షులూ కావు. గాలే వీటి ఇల్లు అన్నట్టు కనిపిస్తవి.

ఇవేమిటని అక్కడివారిని అడిగితే, "ఏదో కొంగజాతి, సామీ" అంటారు. పట్టణం నుంచి వచ్చిన విద్యావంతులను అడిగితే, "సీగల్ కదండీ!" అంటారు. రెండు జవాబులూ సరియైనవి కావు. నేను కూడ చాలాకాలం ఆ రెండవ జవాబే చెబుతూ వచ్చాను. సినిమాలలో ఓడరేవు కనిపించినప్పుడల్లా తెల్లపక్షులు ఎగరడం చూచినవాళ్లం గనుక, నీటిమీద తెల్లగా ఎగిరేదంతా మనకు సీగలే.

ఒక పక్షిని దాని రూపాన్ని బట్టి గుర్తుపట్టడం ఎట్లా? అందులో పొరపడితే వచ్చే నష్టమేమిటి? ఈ రెండు విషయాలను నేటి ప్రసంగంలో మనవి చేస్తాను. రెండవదానికి నా స్వంత పొరపాటే ఉదాహరణ.

ముందుగా కాని వాటిని తొలగించుకొందాం. తెల్లకొంగ మెడను మడుచుకొని, కాళ్లను వెనుకకు చాచి, నింపాదిగా రెక్కలాడిస్తూ ఎగురుతుంది. గట్టున మట్టిరంగులో కదలకుండా కూర్చునే గుడ్డికొంగ లేచినప్పుడు మాత్రం తెల్లని రెక్కలు తళుక్కుమంటవి. కాని రెండు క్షణాలలో అది మళ్లీ వాలుతుంది. నలుపు తెలుపు గళ్ల లకుముకిపిట్ట ఒకటి ఉన్నది. అది నీటిపైన ఒకేచోట రెక్కలు టపటప కొట్టుకుంటూ నిలిచి, రాయిలాగా కిందికి పడుతుంది. దాని తల పెద్దది, తోక పొట్టిది. ఈ మూడింటిని పక్కకు పెడితే, నీటి మీద ఎడతెగకుండా తిరిగే తెల్లని పక్షులలో మనకు ముఖ్యంగా రెండు తెగలు మిగులుతవి. ఒకటి గల్, రెండవది టెర్న్. పక్షిశాస్త్రజ్ఞులు ఈ రెండింటినీ ఒకే కుటుంబంలో చేర్చారు. పెదతండ్రి బిడ్డలూ పినతండ్రి బిడ్డలూ ఒక్క పోలికతో ఉన్నా నడకలో తేడా ఉన్నట్టే, వీటికీ తేడా ఉన్నది.

గల్ బలిసిన పక్షి. ఛాతీ వెడల్పు, రెక్కలు వెడల్పు, తోక చివర గుండ్రన. ముక్కు దృఢంగా ఉండి కొసన కొంచెం కిందికి వంగి ఉంటుంది. బాతువలె నీటిమీద తేలుతుంది, ఒడ్డున ధారాళంగా నడుస్తుంది, చేపలను శుభ్రం చేసేచోట పారవేసిన పేగులు మొదలుకొని దొరికినదల్లా తింటుంది. టెర్న్ అట్లా కాదు. ఒళ్లు సన్నం, రెక్కలు కొడవళ్లవలె సన్నం, తోక సాధారణంగా చీలి ఉంటుంది. ముక్కు సూటిగా, సూదిగా ఉంటుంది. ఎగిరేటప్పుడు ఆ ముక్కును నేలవైపు వంచి, కింద ఏదో పారవేసుకున్నట్టు వెదుకుతూ పోతుంది. కాళ్లు మరీ పొట్టివి కావడంచేత దాని నడకలో సొగసు లేదు. నీటిమీద తేలడం అరుదు. మన ఇళ్ల చూరుల దగ్గర తిరిగే వానకోయిలను జ్ఞాపకం చేసుకొని, దానిని తెల్లగా పెద్దదిగా ఊహించుకుంటే టెర్న్ ఆకారం మీ కన్నుల ముందు నిలుస్తుంది.

ఈ తేడా తెలిసిన తరువాత కురబలకోట ప్రాంతపు చెరువులమీద శీతాకాలంలో తిరిగే తెల్లపక్షులు గల్స్ కావు, టెర్న్స్ అని సులభంగానే తేలుతుంది. కాని టెర్న్ జాతులలో ఏది? ఇక్కడినుంచే అసలు కష్టం ఆరంభం.

ఇందుకు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. మొదటిది పరిమాణం. దూరాన ఎగిరే పక్షిని అంగుళాలలో కొలవలేము. తెలిసిన పక్షితో పోల్చడమే మార్గం. గోరువంక అంతా, పావురమంతా, కాకి అంతా? రెండవది ముక్కు: దాని రంగు, దాని లావు. మూడవది తోక: లోతుగా చీలినదా, లేక కొసన చిన్న నొక్కు మాత్రమే ఉన్నదా? నాలుగవది మేత పట్టే పద్ధతి: నీటిలో దభాలున పడి మునుగుతున్నదా, లేక పైపైననే ముక్కుతో అందుకొని పోతున్నదా? ఈ నాలుగింటి తరువాతనే ఒంటి రంగు. చాలమంది మొదట రంగును చూస్తారు. టెర్న్స్ విషయంలో అది మోసం చేస్తుంది. ఎందుకంటే ఇవి సంవత్సరానికి రెండు వేషాలు వేస్తవి. శీతాకాలపు వేషం వేరు, గుడ్లుపెట్టే కాలపు వేషం వేరు. పిల్లల వేషం మూడవది.

ఇప్పుడు ఆ ప్రశ్నలతో ఒక్కొక్క జాతిని చూద్దాం.

మన చెరువులమీద తరచుగా కనిపించేది విస్కర్డ్ టెర్న్, అనగా మీసాల టెర్న్. పొడవు సుమారు 25 సెంటీమీటర్లు, అంటే గోరువంక అంత. కాని రెక్కలు పొడవు కావడంవల్ల పెద్దదిగా తోస్తుంది. శీతాకాలంలో పైన లేత బూడిదరంగు, కింద తెలుపు, కంటినుంచి మెడ వెనుకదాకా ఒక నల్లని పట్టీ, ముక్కు నలుపు. తోకకు లోతైన చీలిక లేదు, కొసన చిన్న నొక్కు మాత్రమే. నీటిలో దూకి మునగడం దీనికి అంతగా అలవాటు లేదు. ఎగురుతూ ఎగురుతూనే నీటిపైనున్న పురుగులను, తోకకప్పలను, చిరుచేపలను ఎత్తుకుపోతుంది. కాశ్మీరంలోను, ఇతర ఉత్తరాది జలాశయాలలోను, ఇంకా ఉత్తరాన మధ్య ఆసియాలోను నీటి మొక్కలపైన తేలే గూళ్లు కట్టుకొని, చలికాలానికి దక్షిణాదికి వస్తుంది. ఒక్కొక్కప్పుడు దానితోపాటు గల్‌బిల్డ్ టెర్న్ కూడ వస్తుంది. అది పావురం కన్న పొడవైనది, మరింత తెల్లనిది, ముక్కు నల్లగా, లావుగా, గల్ ముక్కును తలపిస్తూ ఉంటుంది. చేపలకన్న పురుగులు, పీతలు దానికి ఇష్టం. చెరువు వదలి పక్కనున్న పొలాలమీద కూడ తిరుగుతుంది.

ఇక రివర్ టెర్న్, అనగా నది టెర్న్. ఇది విదేశాలనుంచి వచ్చే అతిథి కాదు, మన దేశవాసి. కొలతకు కాకి అంత. కాని ఒళ్లు సన్నం. గట్టి పసుపుపచ్చ ముక్కు, ఎర్రని పొట్టికాళ్లు, నల్లని టోపీ, లోతుగా చీలి రెండు పాయలుగా సాగిన తోక. చేపను చూచి, రెక్కలు ముడిచి, నీటిలోకి సూటిగా దూకుతుంది. పేరులోనే ఉన్నట్టు ఇది నదులను, పెద్ద జలాశయాలను ఆశ్రయించి బ్రతుకుతుంది. వేసవిలో నీరు తగ్గినప్పుడు బయటపడే ఇసుకదిబ్బలమీద, రాతి దీవులమీద గూడు కూడ కట్టకుండా చిన్న గుంటలో గుడ్లు పెడుతుంది. కర్ణాటకలోని భద్రా జలాశయంలో ఇట్టి దీవిమీద వీటి పెద్ద కాపురమే ఉన్నది.

నాలుగవది బ్లాక్‌బెల్లీడ్ టెర్న్, నల్లకడుపు టెర్న్. కొలతకు పావురం అంత. ముక్కు నారింజరంగు, తోక లోతుగా చీలినది. గుడ్లుపెట్టే కాలంలో కడుపు నల్లబడుతుంది. ఇదీ నదుల పక్షియే, ఇసుకతిన్నెల పక్షియే. ఒకప్పుడు భారతదేశం నుంచి ఆగ్నేయ ఆసియా దేశాలదాకా వ్యాపించి ఉండేది. ఇప్పుడు ఆ తూర్పు దేశాలలో చాలచోట్ల పూర్తిగా కానరాకుండా పోయినది. అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న పక్షుల అంతర్జాతీయ పట్టికలో దీని పేరు చేరినది. ఇది మిగిలి ఉన్న ప్రధానమైన దేశం మనదే.

శ్రోతలు ఒక విశేషాన్ని గమనించే ఉంటారు. సముద్రపు పక్షుల వంశంలో పుట్టినా, ఈ చివరి రెండు జాతులు సముద్రం ముఖం చూడడం అరుదు. దీనికి తలక్రిందులైన కథ గల్స్‌ది. పులికాట్ సరస్సులో శీతాకాలంలో గుంపులు గుంపులుగా కనిపించే బ్రౌన్‌హెడెడ్ గల్, అనగా గోధుమతల గల్, లడఖ్, టిబెట్ వంటి చోట్ల, సముద్రమట్టానికి వేలాది అడుగుల ఎత్తున ఉన్న సరస్సుల దగ్గర పుడుతుంది. కొండమీద పుట్టి కడలికి దిగివస్తుంది. మన వద్దకు వచ్చేసరికి తల గోధుమరంగు వదలి తెల్లబడుతుంది. కంటి వెనుక ఒక మసక మచ్చ మాత్రం మిగులుతుంది. అప్పుడు దానిని పట్టిచ్చేది తల కాదు, రెక్క. రెక్క చివర నల్లగా ఉండి, ఆ నలుపులో అద్దం బిళ్లలవలె తెల్లని మచ్చలు ఉంటవి. దానికి దగ్గరి చుట్టమైన బ్లాక్‌హెడెడ్ గల్‌కు రెక్క ముందు అంచున తెల్లని పట్టీ ఉండి, నలుపు కొసలలోనే ఉంటుంది. పేరులో తల ఉన్నా, గుర్తు రెక్కలో ఉన్నదన్నమాట. చిన్నజాతి గల్స్ పెద్దల వేషం ధరించడానికి రెండేళ్లు, పెద్దజాతులు నాలుగేళ్లదాకా పడుతుంది. అందుచేత ఒకే గుంపులో నాలుగు రకాల రంగులు కనిపించినంతమాత్రాన నాలుగు జాతులున్నవని నిర్ణయించరాదు.

ఇక నా పొరపాటు సంగతి.

కొన్ని సంవత్సరాల క్రితం, ఏప్రిల్ చివరి రోజులలో, కురబలకోటకు కొద్ది దూరంలో ఉన్న ఒక చెరువు దగ్గరకు వెళ్లాను. నీరు సగానికి సగం తగ్గి, తూము దగ్గర మడుగుగా మిగిలి ఉన్నది. దానిపై అయిదారు టెర్న్స్ తిరుగుతున్నవి. అందులో రెండింటికి కడుపు నల్లగా ఉన్నది! తలమీద నల్లని టోపీ, చెంప తెలుపు, కడుపు నలుపు. నా ఆనందానికి మేర లేదు. అంతరించిపోతున్న నల్లకడుపు టెర్న్ మన కరువుసీమ చెరువులో కనిపించినదని ఆ వారంలోనే చదవవలసిన ప్రసంగంలో రెండు వాక్యాలు చేర్చాను.

ప్రసంగపాఠాన్ని ముందుగా ఒక విశ్రాంత ఉపాధ్యాయునికి చూపించాను. ఆయనకు డెబ్బయి దాటినవి. నలభై ఏళ్లుగా ఆ ప్రాంతపు పక్షులను నోటుపుస్తకాలలో వ్రాసుకుంటున్నవారు. పాఠం చదివి, కళ్లద్దాలు తీసి, మెల్లగా అడిగారు.

"ముక్కు ఏ రంగు, నాయనా?"

"ముదురుగా ఉన్నట్టు జ్ఞాపకం, అయ్యవారూ. నలుపో, ఎరుపో."

"తోక చీలిక లోతెంత?"

"అది సరిగ్గా చూడలేదు."

"నీళ్లల్లో మునిగిందా, పైపైన అందుకున్నదా?"

"పైపైననే అందుకున్నట్టున్నది. కాని కడుపు మాత్రం నల్లగా ఉన్నదండీ, స్పష్టంగా చూచాను."

"అయితే నీవు కడుపునే చూచినావు, పక్షిని చూడలేదు. మళ్లీ పోయి చూచిరా."

మూడవనాడు మళ్లీ వెళ్లాను. ఈసారి దుర్భిణి తీసుకొని, ఎండ వెనుకనుంచి పడేటట్టు కట్ట తూర్పుకొసన కూర్చున్నాను. గంటసేపు చూచాను. ముక్కు నారింజరంగు కాదు, ముదురు ఎరుపు. తోకకు నొక్కు తప్ప చీలిక లేదు. ఒక్కటైనా నీటిలో మునగలేదు. పక్కన తిరిగే మిగతావాటిని చూస్తే సంగతి మరింత తేటపడినది. ఒకదాని కడుపు తెలుపు, ఒకదానిది మచ్చలు మచ్చలు, ఒకదానిది బూడిదరంగు, ఆ రెండింటిది దాదాపు నలుపు. అన్నీ ఒక్క జాతియే: మీసాల టెర్న్. ఉత్తరదేశానికి తిరుగుప్రయాణం కట్టే ముందు గుడ్లుకాలపు వేషం ధరిస్తున్నవి. ఒకటి ముందు, ఒకటి వెనుక, అంతే తేడా. ఇంటికి వచ్చి ఆ రెండు వాక్యాలను కొట్టివేశాను.

రెండు వాక్యాలకు ఇంత రాద్ధాంతమెందుకని మీరు అడగవచ్చును. ఒక పక్షి పేరు తప్పు చెబితే ప్రపంచం మునిగిపోతుందా?

ఆలోచించండి. నల్లకడుపు టెర్న్‌కు వచ్చిన ముప్పు ఎక్కడిది? నదులలో ఇసుకదిబ్బలు తరిగిపోవడంవల్ల, గుడ్లున్న వేళకు పైనుంచి నీరు వదిలినప్పుడు దిబ్బలు మునిగిపోవడంవల్ల, నీరు మరీ తగ్గితే దీవి గట్టుతో కలిసి కుక్కలు, పశువులు, మనుషులు గుడ్ల మధ్యకు వెళ్లడంవల్ల, ఇసుక త్రవ్వకంవల్ల. ఎక్కడ మిగిలి ఉన్నదో తెలిస్తేనే అక్కడి దిబ్బకు కాపలా పెట్టగలరు. లేని చోట ఉన్నదని నావంటివాడు చెబితే, ఆ పక్షి క్షేమంగానే ఉన్నదనే భ్రమ కలుగుతుంది. ఉన్నచోట కాపాడవలసిన పని వెనుకబడుతుంది. ఉన్నదానిని లేదనడం ఎంత తప్పో, లేనిదానిని ఉన్నదనడం కూడ అంతే తప్పు.

సరిగా గుర్తించడంవల్ల కలిగే మేలుకు కూడ మన పొరుగునే సాక్ష్యం ఉన్నది. కడప ప్రాంతపు పొదల అడవులలో బ్రతికే కలివికోడిని 1900 తరువాత చూచినట్టు నమోదు లేదు. అది అంతరించినదనే పెద్దలు భావించారు. 1986 జనవరిలో సిద్ధవటం ప్రాంతంలో, రాత్రివేళ టార్చిలైటు వెలుగులో ఒక గ్రామస్థుడు ఆ పక్షిని పట్టుకొనడంతో అది బ్రతికియున్నదని లోకానికి తెలిసినది. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘంవారు చేస్తున్న అన్వేషణకు ఆ విధంగా ఫలితం దక్కినది. తరువాత దాని కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడినది. శాస్త్రజ్ఞుల పుస్తకజ్ఞానం, పల్లెవాసి కంటిచూపు ఒకచోట కలిసినందువల్లనే అది సాధ్యమైనది.

అట్టి చూపు కురబలకోట ప్రాంతానికి క్రొత్తది కాదు. ఈ మండలంలోనే ఉన్న రిషివ్యాలీ లోయలో దశాబ్దాలుగా పక్షులను పరిశీలించి లెక్క వ్రాస్తున్నారు. ఆ లోయ పక్షులను గురించి, అక్కడ చెట్లు నాటి వాటి నివాసాలను తిరిగి నిలబెట్టిన కృషిని గురించి రంగస్వామి, శ్రీధర్ గార్లు వ్రాసిన ఆంగ్లగ్రంథం 1993లో వెలువడినది. బోడిగుట్టలమీద మళ్లీ పచ్చదనం వస్తే పక్షులు వాటంతట అవే వస్తవని ఆ లోయను చూచినవారికి బోధపడుతుంది.

చివరగా, శ్రోతలు స్వయంగా చేయదగిన పని కొంత ఉన్నది. మీ ఊరి చెరువు నిండి మరవ పారిన సంవత్సరం నెలకొకసారైనా కట్ట మీదికి వెళ్లండి. ఉదయం ఎండ మీ వీపున పడేటట్టు నిలబడండి. ఎదురెండలో తెల్లపక్షి కూడ నల్లగా కనిపిస్తుంది. పేరు తరువాత, ముందు గుర్తులు వ్రాసుకోండి: తేదీ, చోటు, పరిమాణం, ముక్కు, తోక, మేత పద్ధతి. నేడు అందరి చేతులలో ఫోను ఉన్నది. కాని దూరాన ఎగిరే టెర్న్ అందులో తెల్లని చుక్కగా మాత్రమే పడుతుంది. కంటితో చూచి వ్రాసుకున్న నాలుగు మాటలు దానికన్న విలువైనవి. తెలియనిచోట "టెర్న్, జాతి తెలియదు" అని వ్రాయడం చిన్నతనం కాదు. అది నిజమైన లెక్క.

తుపాను వెలిసిన తరువాత మాత్రం కొంచెం ఎక్కువ శ్రద్ధగా చూడండి. పెనుగాలులు నడిసముద్రపు పక్షులను లోనాడులకు తెచ్చి పడవేస్తవి. 2020 మే నెలలో ఆంఫన్ తుపాను తాకినప్పుడు పశ్చిమబెంగాలులో సూటీ టెర్న్ వంటి సముద్రపక్షులు అట్లాగే కనిపించినవి. వీపు నల్లగా, కింద తెల్లగా, నుదురు తెల్లగా ఉండే ఈ పక్షి గుడ్లుపెట్టే కాలంలో తప్ప నేలమీద వాలదు. అటువంటిది అలసి మీ పెరటిలో పడితే, గాలిలోకి ఎగురవేయడానికి ప్రయత్నించకండి. నోట్లో నీరు పోయకండి. గాలి ఆడే అట్టపెట్టెలో పాతబట్ట పరచి, చీకటిగా, సద్దులేని చోట ఉంచి, అటవీశాఖవారికి కబురు చేయండి. ముక్కు సూదిగా ఉంటుంది గనుక పిల్లల ముఖాలను దూరంగా ఉంచండి.

నాకు పాఠం నేర్పిన చెరువు ఆ వేసవిలో ఎండిపోయినది. మరుసటి సంవత్సరం వానలు పడి నిండగానే మీసాల టెర్న్స్ మళ్లీ వచ్చినవి. తెల్లని కడుపులతో, నల్లని ముక్కులతో వచ్చినవి. ఈసారి పేరు చెప్పడానికి నేను తొందరపడలేదు. ముందు ముక్కు చూచాను, తరువాత తోక చూచాను, నీటిని తాకే తీరు చూచాను. ఆ తరువాతనే పుస్తకంలో పేరు వ్రాసుకొని, ఆ పుస్తకం అయ్యవారికి చూపించాను. ఆయన చదివి, తల ఊపి, తిరిగి నా చేతికి ఇచ్చారు.